మూడు బారల పడవ

మనిత్సోక్, 12 ఫిబ్రవరి 1987

తమ్ముడూ,

ముందు తిట్లు, తర్వాత క్షేమ సమాచారం.

కవరు మీద "మా అన్న తొబియసీనెకి" అని రాయడం ఎప్పటికి మానతావు? ఫ్యాక్టరీలో ఉత్తరాలు పంచేది మా ఫోర్మన్. డెన్మార్క్ వాడు. రొయ్యలు ఒలిచే బల్ల దగ్గర అందరి ముందూ పైకి చదివి, "ఏమమ్మాయ్, నువ్వెవరికి అన్నవి?" అని పళ్ళికిలించాడు. నేను చెప్పాను: "మా పెద్ద మామయ్య తొబియాస్ దక్షిణాన, మీ దేశంలోనే, క్షయ ఆసుపత్రిలో చచ్చిపోయాడు. ఆ శీతాకాలమే నేను పుట్టాను. ఆయన పేరు నాకొచ్చింది. పేరుతో పాటు ఆయనా వచ్చాడు. కాబట్టి ఆయన తమ్ముడు జాకుఆరాక్ నాకూ తమ్ముడే. ఇందులో నవ్వేదేముంది?" వాడు ఇంకా నవ్వాడు. వాళ్ళలో చచ్చినవాళ్ళు ఉత్తినే చచ్చిపోతారు, పాపం. ఎవరికీ పనికిరారు.

సరే, అసలు సంగతి. నాకు కయాక్ కావాలి. నువ్వే కట్టాలి.

ఇక్కడ కయాక్ సంఘం పెట్టి మూడేళ్ళయింది. సంఘానికి పెద్ద కార్ల్-ఎమిల్ అని, మా ఫ్యాక్టరీ చలిగిడ్డంగిలో పెట్టెలు మోస్తాడు. తలుపులో పట్టడు, అంత మనిషి. నేర్చుకునేవాళ్ళ కోసం సంఘానికొక పడవుంది. పడవ కాదది, స్నానాల తొట్టి. తోస్తే ముందర నీళ్ళు గుట్టగా లేస్తాయి. ఆ గుట్ట ఎక్కలేక అది, తోయలేక నేను. రెండేళ్ళుగా ఆ తొట్టిలోనే చస్తున్నాను. జులైలో దీవి చుట్టూ పెద్ద పందెం ఉంది. సొంత పడవ ఉన్నవాళ్ళకే, అదీ పాత పద్ధతిలో తోలుతో కట్టిన పడవకే. పేరివ్వబోతే కార్ల్-ఎమిల్ అన్నాడు: "నీకు సొంత పడవేది పిల్లా? ఒడ్డున కాఫీ కాయి. గెలిచినవాళ్ళం వచ్చి తాగుతాం."

కాస్తాను. వాడి నెత్తిన పోస్తాను.

కవర్లో తాడు పెట్టాను. మొదటి ముడి నుంచి రెండో ముడికి నా బార. రెండు నుంచి మూడుకి నా తుంటి. మిగిలింది నా కాలు, మడమ నుంచి నడుం దాకా. పడవ సన్నంగా, పొడుగ్గా, కత్తిలా ఉండాలి. నేను గెలవాలి.

బిబియానె అత్త మోకాలు ఎలా ఉంది? నేను బాగున్నాను. వేళ్ళు మాత్రం ఉప్పునీళ్ళకి ఉబ్బి నావి కానట్టున్నాయి.

నీ అన్న,
తొబియసీనె

~

ఇన్నార్సుయిత్, 20 మార్చి

అన్నా,

నీ ఉత్తరం ఉపెర్నవిక్ దాకా హెలికాప్టర్లో వచ్చి, అక్కణ్నుంచి కుక్కబండి మీద వచ్చింది. బండివాడు రెండిళ్ళలో ఆగి చదివించుకున్నట్టున్నాడు. నాకందే సరికి ఊరంతా "కాఫీ వాడి నెత్తిన పోస్తుందటగా" అంటోంది.

బతికున్నప్పుడు నువ్వింత కోపిష్టివి కాదు. ఇది మీ అమ్మ వైపు నుంచి వచ్చుండాలి. అంటే మా చెల్లెలి వైపు నుంచి. అంటే నా వైపు నుంచే. సరే.

పడవ కడతాను. అడగాల్సిన పని లేదు. పక్కకర్రలకి మంచి కలప ఉంది, ఒడ్డుకి కొట్టుకొచ్చిన దుంగ, చీల్చి నీడలో ఆరబెట్టాను. పక్కటెముకలకి విల్లో కొమ్మలు నానేశాను. వంచేటప్పుడు పళ్ళతో కొరికి మెత్తబరచాలి. నాకిప్పుడు పళ్ళు ఒకవైపే ఉన్నాయి, కాబట్టి ఎక్కువ రోజులు పడుతుంది. తోళ్ళకి మీ అత్త ఆరు సీళ్ళు కావాలంది. ఇప్పటికి ఐదు వేటకి చిక్కాయి.

పొడుగు పొడుగు అని ఎగురుతున్నావు. పొట్టి పడవ తను లేపిన అలనే ఎక్కుతూ చస్తుంది, నిజమే. పొడుగుదానికి ఆ బాధ తక్కువ. కానీ ఎంత పొడుగైనా నీళ్ళలో మునిగి ఉన్నంత మేరే పొడుగు. గాల్లో ఉన్నది పొడుగు కాదు, అలంకారం. పైగా నీళ్ళలో ఎంత మునిగితే తోలుకి అంత రాపిడి. నెమ్మదిగా పోయేవాడికి రాపిడి శత్రువు, గట్టిగా పోయేవాడికి అల శత్రువు. ఇవన్నీ నాకు నేర్పింది నువ్వే, ఇప్పుడు నేను తిరిగి నీకు చెప్పాల్సి వస్తోంది.

కొలతల గురించి బెంగపడకు. మూడు బారల పొడుగు, తుంటికి రెండు పిడికిళ్ళు కలిపితే వెడల్పు. మా అన్న బార నాకు తెలీదా? నిద్రలో లేపి అడిగినా చేతులు చాచి చూపిస్తాను.

తాడు మంచిది. మీ అత్త దానితో ఎండు హాలిబట్ చేపలు కట్టింది. వచ్చే బండికి పంపుతున్నాం, తిను.

నీ తమ్ముడు,
జాకుఆరాక్

~

మనిత్సోక్, 17 ఏప్రిల్

తమ్ముడూ,

చేపలు అందాయి. నా కొలతలతో కట్టిన చేపలు!

నా బార హాలిబట్ మెడ చుట్టూ, నా తుంటి తోక చుట్టూ. పొట్లం విప్పుతూ కాసేపు కేకలు పెట్టాను. పక్కగది వాళ్ళు గోడ మీద కొట్టారు. చేప బాగుంది, అది వేరే సంగతి, మూడు రోజుల్లో అయిపోయింది. కానీ ఆ తాడు చేపల కోసం పంపానా? ఉత్తరం చదివావా, చదివించుకున్నావా? చదివినవాడు మధ్యలో నిద్రపోయాడా?

తెలుసంటున్నావు కాబట్టి ఊరుకుంటున్నాను. కట్టేది నువ్వు, కళ్ళు నీవి.

ఒక్కటి మాత్రం విను. పడవ ఆకారం మీద నేనూ పని చేశాను. చదువుకుని కాదు. ఇక్కడ రొయ్యలు కడిగే పొడుగాటి తొట్టి ఉంది. పెట్టె చెక్కతో రెండు చిన్న పడవలు చెక్కాను, బరువు ఒకటే, ఒకటి పొట్టి-లావు, ఒకటి పొడుగు-సన్నం. ముక్కుకి దారం కట్టి, ఆ దారం తొట్టి అంచు మీదుగా వేలాడదీసి, కొసన ఇనప నట్టు కట్టాను. నట్టు కిందకి దిగుతుంటే పడవ నడుస్తుంది. ఒక్క నట్టు కడితే పొట్టిదే ముందొచ్చింది! రెండుసార్లు చూశాను, నమ్మలేక. నాలుగు నట్లు కడితే పొట్టిది ముక్కెత్తి, తోక ముంచి, అక్కడే గింజుకుంది. పొడుగుది దాన్ని దాటి గోడకి గుద్దుకుంది. నువ్వు చెప్పిందే. రాపిడి ఒకటి, అల ఒకటి.

ఫోర్మన్ వచ్చి, "రొయ్యలకి ఓడలు కడుతున్నావా?" అన్నాడు. "అవి దక్షిణానికి తిరిగి పోతామంటున్నాయి, మీరూ ఎక్కుతారా?" అన్నాను. ఒక పూట జీతం పోయింది.

కాబట్టి నాలుగు నట్ల పడవ కావాలి నాకు. పందెం అంతా గట్టిగా తోస్తాను. అడుగు తిన్నగా పెట్టు. ముందూ వెనకా పైకి వంచకు. వంచావంటే ఆ కొసలు గాల్లో ఉంటాయి. అలంకారం నాకొద్దు.

నీ అన్న,
తొబియసీనె

~

ఇన్నార్సుయిత్, 24 మే

అన్నా,

తిన్నటి అడుగున్న పడవ చర్చి బెంచీలా తిరుగుతుంది. దీవి చుట్టూ పందెం అంటున్నావు. దీవి గుండ్రంగా ఉండదా మీ ఊళ్ళో?

కొంచెం వంచాను. నువ్వు కూర్చుంటే ఆ వంపు నీళ్ళలోకి దిగి అణిగిపోతుంది. నీకు ఎప్పుడూ అలాగే కట్టారు. గుర్తు లేదా, మంచు పగులులో కొమ్ము తిమింగలం నార్వాల్ ఎదురొస్తే ఒక్క తోపుతో పడవ తిప్పి పక్కకి వచ్చావు? తిన్నటి అడుగైతే ఆ రోజే పోయేవాడివి. తర్వాత దాని కొవ్వుతోలు, మత్తాక్, కోసి ఊరంతా పంచావు, నాకు తోక దగ్గరి ముక్క ఇచ్చావు. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. ఇప్పటికీ ఆ రుచి పంటి కింద ఉంది, ఆ పన్ను లేకపోయినా.

మీ అత్తా, ఇద్దరు ముసలమ్మలూ తోలు కుట్టేశారు. తడి ఆరకుండా ఒకే బిగిన కుట్టాలి కదా, కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే మీ ఫోర్మన్‌ని తిడుతూ కుట్టారు. చుక్క కారదు.

ఎండలో ఆరుతోంది. ఇప్పుడు రాత్రి లేదుగా, ఎప్పుడు చూసినా ఎండే. కాఫీ గ్లాసు పట్టుకుని దాని చుట్టూ తిరుగుతున్నాను. చాలా ఏళ్ళ తర్వాత ఒక మంచి పడవ కట్టాను అన్నా. మొదటి ఓడకి పంపుతున్నాను. దించేటప్పుడు కొక్కెం వెయ్యనివ్వకు, చేతుల మీద దించమను.

నీ తమ్ముడు,
జాకుఆరాక్

~

మనిత్సోక్, 21 జులై

మామయ్యా,

అవును, మామయ్యా అనే రాశాను. చదివించుకునేవాడు పొరపాటు పడ్డాడనుకోకు.

పడవ అందింది. చేతుల మీదే దించారు. చూడగానే రేవులో జనం పని ఆపేశారు. కార్ల్-ఎమిల్ కూడా దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. అంత అందంగా ఉంది. అది చూసి ఆ పూటంతా రాజులా తిరిగాను. అంతే, అక్కడితో నా సంతోషం సరి.

ఎక్కి కూర్చుంటే పడవలో నేను, గంటలో నాలుకలా అటూ ఇటూ కొట్టుకున్నాను. తుంటికి రెండు వైపులా ఖాళీ. స్వెట్టర్లు కుక్కాను. కాళ్ళు చాపితే పాదం ఆనాల్సిన కర్ర అందదు. పై కర్ర తొడలకి తగలదు. నడుంతో పడవని పట్టుకుంటే కదా చేతుల బలం దానికి ఎక్కేది? నేనొకటి తోస్తే పడవ ఇంకొకటి వింటోంది.

అలవాటవుతుందిలే అనుకున్నాను. పందానికి వెళ్ళాను.

మొదట బాగానే ఉంది. దీవి వెనక్కి తిరగ్గానే గాలి. నీ అందమైన వంపు కొసలు రెండూ నీళ్ళ మీద లేచి ఉన్నాయి మామయ్యా. నా బరువుకి ఆ పడవ మునగలేదు. నువ్వే రాశావు కదా, గాల్లో ఉన్నది పొడుగు కాదని! మూడు బారల పడవలో నీళ్ళని తాకింది రెండు బారలు కూడా లేదు. పొడుగు పడవ మోస్తూ పొట్టి పడవ తోసినట్టయింది. పైనున్న ముక్కుని గాలి పట్టి తిప్పేస్తుంటే, సగం తోపులు ముందుకి, సగం తోపులు దాన్ని తిన్నగా పెట్టడానికి. అందరూ దాటిపోయారు. ఉపాధ్యాయురాలు దాటిపోయింది. చర్చిలో హార్మోనియం వాయించే ముసలాయన "ఏమ్మా, దృశ్యాలు చూస్తున్నావా?" అని అడిగి మరీ దాటిపోయాడు.

ఆఖరున వచ్చాను. కాఫీ అప్పటికే వేరేవాళ్ళు కాచేశారు.

ఇంకా అయిపోలేదు. కార్ల్-ఎమిల్ వచ్చి, "ఇలా ఇవ్వు, ఒకసారి చూస్తాను" అని నా పడవెక్కాడు. వాడు కూర్చోగానే కొసలు రెండూ మెత్తగా నీళ్ళలోకి దిగాయి. చేతి తొడుగులోకి చెయ్యి దూరినట్టు దూరాడు. నాలుగు తోపులు. నీళ్ళు చప్పుడు కూడా చెయ్యలేదు, ముందర గుట్ట లేదు, వెనక సుడి లేదు. అలా వెళ్ళిపోయింది. జనం చప్పట్లు. ఎవడో అరిచాడు: "పడవ బంగారం రా! సామాను తప్పు ఎక్కించారు!"

ఆ సామాను నేను.

ఇప్పుడు చెప్పు. నేను నీకంటే మూరెడు పొట్టి. పోయినేడు మీ ఇంట్లో నెల రోజులున్నాను. అత్త బూట్లు నాకు వదులని నువ్వే నవ్వావు. తాడు పంపాను, ముడులు వేసి పంపాను. ఎవరికి కట్టావు ఆ పడవ? ఎవర్ని చూస్తూ కట్టావు? ఇరవై మూడేళ్ళుగా "అన్నా" అంటూ నా మొహంలోకి చూస్తున్నావు కదా, ఒక్కసారైనా నన్ను చూశావా?

అమ్మమ్మ నన్ను "కొడుకా" అని ముద్దు పెట్టుకునేది. ఆరేళ్ళకి నా చేతిలో ఆయన తుపాకీ పెట్టి "నీదే, తీసుకో" అంది. అందరూ నాలో ఆయన్నే చూశారు. ఊళ్ళో ఎక్కడికి వెళ్ళినా ఆయన ముందే వెళ్ళి కూర్చునుంటాడు. పోనీ, చోటిచ్చాను. కానీ పడవలో చోటు ఒక్కరికే ఉంటుంది మామయ్యా.

తొబియసీనె. అంతే.

~

ఇన్నార్సుయిత్, 16 ఆగస్టు

కుమారి తొబియసీనె గారికి,

మీ ఉత్తరం అందింది.

ఆ కార్ల్-ఎమిల్ అనేవాడు చేతులు చాస్తే ఎంత ఉంటాడో మీరు రాయలేదు. రాయక్కర్లేదు. తలుపులో పట్టడని మొదటి ఉత్తరంలోనే రాశారు. మా అన్న కూడా పట్టేవాడు కాదు. పక్కకి తిరిగి వచ్చేవాడు, వస్తూ కింది గడపకి దణ్ణం పెడుతున్నట్టు తల వంచేవాడు.

షెడ్డులోకి వెళ్ళాను. పక్కకర్రలు కోసినప్పుడు గోడ మీద బొగ్గుతో గీసిన గీతలున్నాయి. వాటి పక్కన నిలబడి చేతులు చాచి చూశాను. నావి చాలలేదు. మీవి అసలు చాలవు. ఆ గీతలు గీసేటప్పుడు నేనెవర్నీ తలుచుకోలేదు, ఒట్టు. చెయ్యి దానంతటదే పోయింది. చెయ్యి పోతుంటే పడవ బాగా వస్తోందని సంతోషపడ్డాను. అంతకంటే నాకేమీ తెలీదు.

ఓడ వచ్చి ఆయన్ని ఆసుపత్రికి ఎక్కించుకుపోయిన రోజు, "తిరిగొచ్చేసరికి కొత్త పడవ కట్టి ఉంచు" అన్నాడు. అప్పుడు కట్టలేదు. ఏ ఓడలోనూ రాలేదు కదా.

పడవ సరైనవాడికే దొరికింది. కార్ల్-ఎమిల్‌కి ఇచ్చెయ్యండి.

మిమ్మల్ని ఇకమీదట ఆ పిలుపుతో పిలిచి ఇబ్బంది పెట్టను. మా చెల్లెలి కూతురు మీరు. బుద్ధిమంతులు. సొంత సంపాదన ఉన్నవారు. ఆరోగ్యం జాగ్రత్త.

భవదీయుడు,
జాకుఆరాక్

(కింద, వేరే చేతిరాతతో)

ఒసే పిల్లా, అత్తని. నాలుగు రోజుల నుంచి మీ మామయ్య కాఫీ కూడా షెడ్డులోనే తాగుతున్నాడు. నువ్వన్నది నిజమే, అందుకే ఆయనకి మింగుడుపడటం లేదు. ఆ తాడు చేపలకి కట్టింది నేను, నన్ను తిట్టుకో. అది నీ దగ్గరే ఉందా, పారేశావా? నా బూట్లు వదులన్నావట. అవి నాకూ వదులే.

~

మనిత్సోక్, 9 సెప్టెంబర్

తమ్ముడూ,

"గారు" అంటావా?

నన్ను? "మీరు" అంటావా? ఎంత ధైర్యం నీకు! పందెంలో ఆఖరున వచ్చినప్పుడు ఏడవలేదు, "సామాను" అన్నప్పుడు ఏడవలేదు. ఫోర్మన్ నీ కవరు పట్టుకుని "ఈసారి అన్న అని లేదే, తమ్ముడు విడాకులిచ్చాడా?" అన్నాడు. రొయ్యల తట్ట వాడి బూట్ల మీద బోర్లించాను. రెండు రోజులు పని లేదు. ఆ రెండు రోజుల్లో ఏం చేశానో విను.

ఫ్యాక్టరీ ఉప్పు బస్తాలు రెండు తెచ్చాను. ఒకటి కాళ్ళ ముందు, ఒకటి వీపు వెనక. నీ పడవ కిందకి దిగింది. కొసలు నీళ్ళలో కూర్చున్నాయి. తోశాను. తమ్ముడూ, అప్పుడు తెలిసింది నాకు అది ఏం పడవో. దీవి సగం దాకా నేను తోస్తున్నట్టే లేదు. తర్వాత చేతులు పడిపోయాయి, అంత బరువు లాగలేక. వెనక్కి వచ్చేసరికి చీకటి పడబోతోంది. కానీ ఆ సగం దాకా నాకు తెలుసు, ఆయన ఎలా వెళ్ళేవాడో. ఎవరూ చెప్పకుండా, నా నడుంతో తెలిసింది.

పడవ తప్పు లేదు. కూర్చున్నదాని తప్పూ లేదు. ఇద్దర్నీ నువ్వు సరిగ్గా పరిచయం చెయ్యలేదు, అదీ తప్పు. తప్పు తప్పే, ఒప్పుకున్నావు కదా అని వదిలిపెట్టను. నా కోపం ఇంకా తగ్గలేదు, పైన చదివావుగా.

కార్ల్-ఎమిల్ కొంటానన్నాడు. "అది మా తొబియాస్‌ది, అమ్మం" అన్నాను.

"చచ్చిపోయాడన్నావుగా?"

"అవును."

"అయితే ఆ పేరు నీదేగా, పడవ కూడా నీదేగా?"

"అవును. అందుకే అమ్మను."

వాడు తల గోక్కున్నాడు. దక్షిణం గాలి ఎక్కువ తగిలిన వాళ్ళకి ఇది త్వరగా ఎక్కదు. ఊరికే పెడితే తోలు ఎండి పగులుతుందని, ఆదివారాలు వాణ్ని నడుపుకోమన్నాను. సీల్ కొవ్వు పూసేది వాడే. నడుపుతుంటే నేను ఒడ్డున నిలబడి చూస్తాను. వెనక నుంచి, దూరంగా, ఆ భుజాలు. నువ్వు ఒకసారి వచ్చి చూడాలి తమ్ముడూ. ముందు వైపు చూడకు, ముందు వైపు కార్ల్-ఎమిల్ ఉంటాడు.

తొబియాస్ కొత్త పడవ అడిగాడన్నావు. కట్టావు. ఆలస్యమైనా వచ్చింది. అది అయిపోయింది, ఆ బాకీ తీరింది. ఇప్పుడు నేను అడుగుతున్నాను. నాకు కట్టు.

తాడు పారేయలేదు. కవర్లోనే ఉంది. హాలిబట్ వాసనొస్తోంది, ఎన్నిసార్లు ఉతికినా పోలేదు, కానీ ముడులు వేసిన చోటే ఉన్నాయి. గోడ మీద ఆ బొగ్గు గీతలు చెరపకు. వాటి పక్కన, లోపలికి, నావి గియ్యి. ఎంత లోపలికి వస్తే అంత లోపలికి గియ్యి, సిగ్గుపడకు, నేను పొట్టిదాన్నే. అడుగు వంపు నీ ఇష్టం. దీవి గుండ్రంగానే ఉంది, చూశాను.

ఇక ఆ పిలుపు. దాన్ని తీసేసుకునే హక్కు నీకెవరిచ్చారు? అది నాకు అమ్మమ్మ ఇచ్చింది. నన్ను చూడమన్నాను గానీ పిలవద్దన్నానా? చదివించుకునేవాణ్ని మార్చు. కవరు మీద పెద్ద అక్షరాలతో రాయి, ఫోర్మన్‌కి కళ్ళజోడు లేకపోయినా కనబడాలి.

అత్తతో చెప్పు, ఈసారి చేపలకి వేరే తాడు వెతుక్కోమని. ఈ తాడు మళ్ళీ హాలిబట్ మెడకి కట్టి పంపారంటే, మంచు గట్టిపడగానే కుక్కబండి మీద నేనే వచ్చి, నిన్ను షెడ్డు స్తంభానికి దీంతోనే కట్టేస్తాను. సరిపోకపోతే నీ బారకి కొలిచిన ఇంకో తాడు కలుపుతాను.

నీ అన్న,
తొబియసీనె